మడవకూడని ఫోను

తెనాలిలో తెలివైనవాళ్ల లెక్క తీసేటప్పుడు రేడియోలు బాగుచేసే అక్కను ఎవరూ తలవరు. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

రేపల్లెలో ఉండే మా అన్నయ్యకు చెవులు వినపడవు. వదిన కాన్పుకని బాపట్ల ఆసుపత్రిలో చేరిన వారంలోనే ఆయన మడతఫోను తెర ఆరిపోయింది. మెసేజీలు తప్ప వాళ్లకు వేరే దారి లేదు. ఫోన్ల షాపతను, “రింగవుతోందిగా, ఇంకేంటి? తెర కావాలంటే కొత్తది కొనుక్కోండి” అన్నాడు.

తెనాలికి పట్టుకెళ్లాను. అక్క ఫోను విప్పి, కళ్లు మూసుకుని, తెరకు వెళ్లే పల్చటి పట్టీని గోటితో తడిమింది. ఏ వస్తువునైనా ముందు అలాగే చూసేది.

“మడత దగ్గర తెగింది. అతికిస్తా.”

గ్రంథాలయంలో ఎలక్ట్రానిక్స్ పుస్తకాలన్నీ చదివినవాణ్ణి, ఊరుకోలేకపోయాను. “సోల్డరింగ్ వేడికి ఆ పట్టీ కరుగుతుందక్కా. పుస్తకంలో ఉంది.”

“ఎక్కువసేపు పెడితే అన్నమూ మాడుద్ది తమ్ముడూ. లైటు ఇటు పట్టుకో.”

వెంట్రుకంత రాగితీగలు నాలుగు అతికించింది. మళ్లీ మడిస్తే తెగుతాయని, విరిగిన చేతికి కట్టినట్టు ఐస్‌ఫ్రూట్ పుల్ల వేసి, ఫోను తెరిచే ఉండేలా దారంతో బిగించింది. నేను నవ్వాను.

“అందం నీక్కావాలి. ఆయనకి అక్షరాలు కావాలి” అంది.

రేపల్లెలో అన్నయ్య చేతికిచ్చాను. వదినవి ఏడు మెసేజీలున్నాయి. “వస్తున్నారా?” అన్నది చివరిది. “వస్తున్నా” అని కొట్టి, చొక్కా మార్చుకోకుండానే బస్టాండుకు నడిచాడు.

ఇవన్నీ గుర్తుచేసిన వదిన సుశీలకు, అన్నయ్య ప్రసాదుకు, పుస్తకాలిచ్చిన లైబ్రేరియన్ నాగేశ్వరమ్మగారికి కృతజ్ఞతలు. అక్క పేరూ రాస్తానంటే ఒప్పుకోలేదు. “నా పేరెందుకు? ఆ పట్టీ అతుకుద్దని రాయి” అంది.