మూలన నిలబడినవాడు

రాప్తాడు రోడ్డు పక్క టీకొట్టు ఓబుళేసు పొద్దున్నే వెంకన్న పటానికి దండం పెట్టుకుని, కేబుల్ టీవీలో అమెరికా బాస్కెట్‌బాల్ పెడతాడు. ఆట ఆఖరి నిమిషానికి వస్తే పాలు పొంగినా పట్టించుకోడు. బల్లమీద జట్టులోని ఐదుగురికి గుర్తుగా ఐదు శెనక్కాయలు పేర్చి, బంతి ఎవరికి అందుతుందో ముందే చెప్తాడు. చెప్పింది తప్పితే కొట్లో అందరికీ ఊరికే టీ పోస్తానని పందెం. రెండు నెలలుగా ఆ టీ ఎవరికీ దక్కలేదు.

ఆరోజు ఒక జట్టు ఒక్క పాయింటు వెనకబడింది. మిగిలింది ఎనిమిది సెకన్లు. కోచ్ తనవాళ్లను చుట్టూ చేర్చుకుని ఎత్తుగడ చెబుతున్నాడు. "పొడుగోనికే ఇస్తారు, రాసిపెట్టుకోండప్పా!" అంటూ ఓబుళేసు పెద్దకాయను ముందుకు జరిపాడు. గొర్రెలను రోడ్డు దిగువన నిలిపి టీకి వచ్చిన తిమ్మమ్మ టీవీని తేరిపార చూసింది. "ఇంతసేపూ అందరూ వాన్నే కాస్తాండారు గదప్పా. నేను పొట్టేలునే చూస్తాంటే చివర గొర్రె పోయి చేన్లో పడతాది. ఆ మూల నిలబడినోన్ని చూడు."

"నీ గొర్రెలకేం తెలుసక్కా ఈ ఆట!" అని ఓబుళేసు నవ్వుతుండగానే పొడుగువాడి మీదికి ముగ్గురు దూకారు. బంతి మూలకు పోయింది, అక్కడినుంచి తిన్నగా బుట్టలో పడింది. కొట్టంతా ఒకటే గోల. ఓబుళేసు చెంపలు వేసుకుని, మొదటి గ్లాసు మీగడ వేసి మరీ తిమ్మమ్మకే ఇచ్చాడు.

మర్నాడు ఆఖరి నిమిషంలో శెనక్కాయలు గుప్పిట్లో పట్టుకుని, టీవీ వదిలేసి రోడ్డుకేసి చూస్తున్నాడు. "తిమ్మక్క యాడుండాదప్పా? ఆట అయిపోతాండాది!"