ఎవరి సెల్లు వాళ్లకుంటది

మా ల్యాబ్ సారు పోయారని మొన్న పొద్దున ఖమ్మం నుంచి వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. భద్రాచలం అవతల, అడవి పక్క చిన్న దవాఖానాలో ఆయన మలేరియా పరీక్షలు చేసేవారు. గూడేలు తిరిగి జ్వరమొచ్చిన వాళ్ల రక్తం చుక్కలు గాజు పలకల మీద తెచ్చే ఆరోగ్య కార్యకర్తను నేను. ఆయన దగ్గర పని నేర్చుకున్నానని చెప్పుకోవడం నాకు ఇవాళ్టికీ గర్వమే.

సారుకో వింత అలవాటుండేది. ఎవరొచ్చినా "మీ పనిల సెల్లంటే ఏంది?" అని అడిగేవారు. లైన్‌మన్ బ్యాటరీలోది అన్నాడు. కానిస్టేబుల్ దొంగను పెట్టే గది అన్నాడు. మండలాఫీసు కంప్యూటర్ ఆపరేటర్ తెర మీద అంకె కొట్టే గడి అన్నాడు. అప్పుడే ఫోన్ కొన్న మందుల షాపాయన జేబు తట్టి చూపించాడు. సారు అన్నీ క్యాలెండర్ వెనక రాసుకునేవారు. డాక్టరమ్మ నవ్వితే, "ఎవరి సెల్లు వాళ్లకుంటదమ్మా. నెత్తుట్లదే అసలు సెల్లని నేనెట్లంట?" అనేవారు. పనిలేని పని అనుకునేదాన్ని.

ఒక వానాకాలం గూడెంలో నాలుగేళ్ల పిల్లకు చలిజ్వరం. చుక్క తీశాను. ముసురుకు పలక ఆరదు, వాగు పొంగేలోగా దాటాలి. తొందరలో పొయ్యి సెగకు ఆరబెట్టాను.

మర్నాడు సారు మైక్రోస్కోపు మీంచి తలెత్తారు.

"సెగ చూపించినవా బిడ్డా?"

"అవ్ సార్," అన్నాను.

"సెల్లులు గట్టిపడ్డయి. రంగునీళ్లల్ల కరుగుతలేవు, అండ్ల క్రిమి ఉన్నా కానరాదు. కానరాలేదని లేదు అని రాస్తమా? ఆ పిల్ల పానం. పద, మళ్ల తీద్దాం."

ఒక్క మాట తిట్టలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని నాతోపాటు వాగు దాటారు.

పిల్ల కళ్లు తెరవడం లేదు. తండ్రి మాత్రం అడ్డం నిలబడ్డాడు. "నిన్న తీసిరి గదా, మళ్ల నెత్తురెందుకు?"

సెల్లులు చూడాలన్నాను. "సెల్లేంది?" అని గుడ్లురిమాడు.

సారు అరుగు మీద కూర్చున్నారు. "రాత్రి చేన్ల అడవిపందుల కావలికి పోతే చేతిల ఏముంటది?"

"టార్చిలైటు."

"అండ్ల ఏసేది నీ సెల్లు. నేను జెప్పేది వేరే. నీ బిడ్డ నెత్తుట్ల ఉంటయ్, కంటికి ఆననంత సన్నయి. మాతోని రా. నీ కండ్లతోనే చూద్దువు."

ఎదుటి మనిషికి తెలిసిన చోటు నుంచి మొదలుపెట్టడానికే ఆయన ఊరందరినీ అడిగి రాసుకున్నారని అప్పుడు గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. తండ్రి పిల్లను భుజాన వేసుకుని మా వెంట దవాఖానాకు బయల్దేరాడు.

ఈసారి పలక నీడన ఆరింది. క్రిములు దొరికాయి. మందు పడింది. ఆ పిల్ల ఇప్పుడు బడికి పోతోంది.

ఆ రోజు మందు మింగించాక సారు తానన్న మాట ప్రకారం తండ్రిని పిలిచారు. మాది ఒంటికన్ను మైక్రోస్కోపు. పాపం, ఆ తండ్రికి ఒక కన్ను మూస్తే రెండోదీ మూసుకుపోతోంది. సారు వెనక నిలబడి తన అరచేయి ఆయన ఎడమ కంటికి అడ్డం పెట్టారు.

"ఈటితోనా నా బిడ్డ గిట్లయింది?"

"అవ్. ఈటితోనే."

ఆయన చాలాసేపు అలాగే చూశాడు. బయట జనం వరుసలో ఉన్నారు, డాక్టరమ్మ రెండుసార్లు తొంగి చూసింది. ఆయన తనంతట తాను తలెత్తేదాకా సారు ఆ చేయి తీయలేదు.