కుక్కపిల్లకు తీసిన దిష్టి

మనుషుల్ని నమ్మడం నాకు మొదట్నుంచీ చేతకాదు. అందులోనూ పక్కింటి పడవల మేస్త్రీని అసలు నమ్మలేదు. ఆయన చైనా ముసలాయన. మలేషియాలోని హుటాన్ మెలింటాంగ్‌లో మా పెరటి కంచె దాటితే ఆయన షెడ్డు, షెడ్డు దాటితే నది. పొద్దున లేచింది మొదలు పడవ చెక్కల్లోకి ఠంగు ఠంగుమని మేకులు కొడుతూనే ఉంటాడు. మధ్యమధ్యలో ఆగి మా పెరట్లోకి చూస్తాడు. ఆ చూపే నాకు గిట్టేది కాదు.

ఆయన చూసేది మా కుక్కపిల్లని. కరకట్ట వెంబడి పది నిమిషాలు నడిస్తే మా నాన్న పామాయిల్ తోట. అడవి పందులు లేత మొక్కల మొదళ్లు తవ్వేస్తుంటే నాన్న లైసెన్సు తుపాకీ తీసుకున్నాడు. ముసలి వేటకుక్క చచ్చిపోయాక ఈ గోధుమరంగు పిల్లను తెచ్చి నా ఒళ్లో పడేశాడు.

"తుపాకీ సప్పుడుకి నిలబడితే మనింట్లో ఉంటాది. పారిపోనాదా, ఎవలికైనా ఇచ్చేత్తాను. రెండు నెలలే లా, తర్వాత నన్నడగొద్దు," అన్నాడు, ఇక్కడి వాళ్లలాగే మాట చివర "లా" తగిలించి.

నాలుగు రోజుల్లోనే అది నా చెప్పుల మీద తల పెట్టుకుని పడుకోవడం మొదలెట్టింది. ఇక దాన్ని ఎవరికో ఇచ్చేయడమా! నా ప్రాణం ఒప్పుకుంటుందా?

నేర్పే పద్ధతి నాన్నే చెప్పాడు. దాని ముందు అన్నం గిన్నె పెట్టి, అది తిండిలో పడ్డాక, దూరంగా వంటింట్లోంచి గరిటెతో మూత మీద ఒక్క దెబ్బ వేయాలి. రోజుకు నాలుగడుగులు దగ్గరికి జరగాలి. తర్వాత రెండు చెక్కలు చరచాలి. ఆఖరున తోటలో తుపాకీ. చప్పుడైతే కూడు దొరుకుతుందని దాని తలకెక్కాలి. మూడో వారానికల్లా గిన్నె పక్కనే మూత మోగించినా ఒక చెవి ఆడించి, తన తిండి తాను తినేది. నా గర్వానికి పట్టపగ్గాల్లేవు.

సరిగ్గా ఆ రోజే మేస్త్రీ కంచె మీంచి తొంగిచూసి, బొటనవేలెత్తి, "బాగుస్" అన్నాడు. చాలా బాగుందని మలాయ్‌లో మెచ్చుకోలు. మెచ్చుకున్నాడా, కన్నేశాడా? పరుగున వెళ్లి అమ్మతో చెప్పాను, ఆయన కన్ను మంచిది కాదని.

"ఓలమ్మో! మొన్న మన బొప్పాయి సెట్టుని కూడా అలాగే సూసినాడే. పిందెలన్నీ రాలిపోనాయి. దిష్టి తీసేద్దుం, పట్టుకో దాన్ని," అంది అమ్మ.

పట్టుకున్నాను. చిప్పలో నిప్పులు, గుప్పెడు ఉప్పు, ఆవాలు, ఏడు ఎండుమిరపకాయలు. అమ్మ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసేసరికి ఒకటే చిటపట. పొగంతా దాని ముక్కులోకే. తుమ్మి తుమ్మి గిలగిల్లాడింది. వదల్లేదు, గట్టిగా అదిమి పట్టాను.

"ఘాటే రాలేదు సూడు. ఎంత దిష్టి తగిలిందో!" అంది అమ్మ, కళ్లమ్మట కారే నీళ్లు పైటతో తుడుచుకుంటూ.

మర్నాడు మూత మోగిస్తే కుక్కపిల్ల గిన్నె వదిలేసి మూలకు పోయింది. ఇంకేముంది, ఆయన పనే! నేను పనికి వెళ్లాక దాన్ని ఏదో చేస్తున్నాడని ఖాయం చేసుకున్నాను. ఒక రోజు సెలవు పెట్టి మరీ కిటికీ చాటున కాపు కాశాను. మేస్త్రీ కంచె దగ్గరికొచ్చి, జేబులోంచి ఏదో తీసి లోపలికి విసిరాడు. ఉరికి వెళ్లి చూస్తే ఎండుచేప తల.

"మచ్చిక చేసుకుంటున్నాడే అమ్మా, ఎత్తుకుపోవడానికి!" అన్నాను.

ఇక మంగళవారం దిష్టి, ఆదివారం దిష్టి. మిరపకాయలు ఏడు నుంచి పదకొండుకు పెరిగాయి. కుక్కపిల్ల చివరికి తాళింపు చిటపటకి కూడా మంచం కిందికి దూరేది. మేం అంతకంతకూ ఆయన్నే తిట్టుకున్నాం.

గడువు నిండిన ఉదయం తోటలో నాన్న వంద గజాల దూరాన నిలబడి గాల్లోకి ఒక్కటి పేల్చాడు. గొలుసు నా చేతిని కోసుకుంటూ జారిపోయింది. కుక్కపిల్ల కరకట్ట వెంబడి పరుగెత్తి కనిపించకుండా పోయింది. రొప్పుతూ ఇంటికి పరిగెత్తాను. పెరట్లో లేదు. మంచం కిందా లేదు.

మేస్త్రీ షెడ్డులో ఉంది. బోర్లించిన పడవ కింద, ముందుకాళ్ల మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. పైన ఆయన మేకులు కొడుతున్నాడు. ఒక్కో దెబ్బకి పడవంతా అదురుతోంది. అది చెవి కూడా కదపడం లేదు.

అక్కడే నిలబడిపోయాను. దానికి చప్పుడంటే భయమే లేదు. మా చేతుల్లో ఏది మోగినా, పేలినా, వెంటనే కళ్లు మండే పొగ వస్తుందనే భయం. ఆ పొగలో దాన్ని కదలకుండా అదిమిపెట్టింది ఎవరు? నేనే. ఛీ, నా అనుమానం తగలెయ్య!

"రా," అని చెయ్యి చాపాను. అది నా మొహం చూడలేదు, చేతులు చూసింది. చూసి, మెల్లగా మేస్త్రీ కాళ్ల వెనక్కి జరిగింది.

"బియార్ లా," అన్నాడాయన మెత్తగా. ఉండనీ అని.

ఇంతలో నాన్న వచ్చాడు, భుజాన తుపాకీతో. "ఏటే, దొరికినాదా? ఎవలికిచ్చీమంటావు సెప్పు."

జరిగింది చెప్పి ఇంకో నెల అడుక్కోవచ్చు. ఇచ్చేవాడే. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అది నా చేతుల వంకే చూస్తోంది.

"ఈయనకే ఇచ్చేయ్ నాన్నా," అన్నాను. ఏడుపు ఆగలేదు.

"నాను అప్పుడే సెప్పినాను కాదా, ఆడి కన్ను మంచిది కాదని. సివరికి లాక్కుపోనాడు," అంటుంది అమ్మ ఇప్పటికీ. ఆ మాట మొదట అన్నది నేనని ఆవిడ మరిచిపోయింది.