పదేళ్ల తర్వాత జట్కా స్టాండుకు

ఈ రోజు ఉదయం నా గుర్రాన్ని నడిపించుకుంటూ హిందూపురం స్టేషను దగ్గరి జట్కా స్టాండుకు వెళ్లాను. "మీ గుర్రం గడ్డి తింటాదా, పుస్తకాలు తింటాదా సామీ?" అని జట్కా మస్తాన్ పదిమందిలో నన్ను ఎగతాళి చేసి పదేళ్లయింది. ఆనాటి నుంచి అటు తొంగిచూడలేదు.

కానీ నాలుగు రోజులుగా నా గుర్రం గడ్డి నమిలి ఉండలుగా ఉమ్మేస్తోంది. ఇంట్లో నేను మాట్లాడే ప్రాణి అదొక్కటే. మూడు అశ్వవైద్య గ్రంథాలు తిరగేసి, అజీర్తి అని తేల్చి, ఇంగువ కషాయం తాగించాను. ఇంకా చిక్కిపోయింది.

ఈ సంగతి చెబితే మస్తాన్ నవ్వలేదు. దాని నాలుకను పక్కకు లాగి, నోట్లోకి చెయ్యి పోనిచ్చాడు.

"దవడ పన్ను కత్తి మాదిరి ఉండాది. బుగ్గంతా కోసుకపోయింది. చెయ్యి పెట్టి చూడలేదా సామీ?"

"పుస్తకంలో ఆ సంగతి ఉంది. చదివాను."

"చదివితే సరా? కరుస్తాదని భయపడినారా?"

నేను గుర్రం కళ్లెం గట్టిగా పట్టుకున్నాను. వాడు ఆకురాయితో పన్ను అరగదీశాడు.

"ఇదంతా యాడ నేర్చుకున్నావు?"

"ఈడే. మాపటేళ బండ్లు ఇప్పినాక అందరం గుర్రాల సంగతే మాట్లాడుకుంటాం. మీరూ రాండి సామీ."

పని ఉందన్నాను. నాకేం పని?

ఇందాక గుర్రం ఉడికించిన ఉలవలు ఒక్క గింజ కింద పడకుండా తిన్నది. ఆ మాట చెప్పుకోవడానికి ఎవరూ లేక, మన పఠనాలయం బల్ల మీది నోటుపుస్తకంలో రాస్తున్నాను. పదేళ్ల నాటి మాటకు మస్తాన్ ఇంకా తప్పు ఒప్పుకోలేదు. అయినా రేపు సాయంత్రం స్టాండుకు వెళ్లనా? చదివినవాళ్లు కింద ఒక ముక్క రాయండి.