సూది కింద ఆగిన జాకెట్టు

2022, జూన్ నెలాఖరు. బళ్ళు తెరిచే రోజులు దగ్గర పడ్డాయంటే చోడవరంలో నాలాంటివాడికి అన్నం తినే తీరిక ఉండదు. నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. బస్టాండు వెనక సందులో చిన్న షాపు. పొద్దున అక్కడ, మధ్యాహ్నం నుంచి బండి మీద దేవరాపల్లి, చీడికాడ, వడ్డాది. యూనిఫారాలు కుట్టే దర్జీలందరి మిషన్లూ సరిగ్గా ఆ రోజుల్లోనే మొరాయిస్తాయి. నిజానికి అవి ఎప్పటినుంచో కిర్రుకిర్రుమని మొత్తుకుంటూనే ఉంటాయి. అప్పుడు ఒక్క చుక్క ఆయిల్ వేస్తే సరిపోయేది. "రేపేద్దాంలే" అంటారు. ఆ రేపు మీదే నా ఇల్లు గడుస్తోంది. మా వైపు జనం ఏ రోజు పని ఆ రోజు చేసుకోవడం మొదలుపెట్టారంటే నేను కత్తి పట్టుకుని చెరుకు కొట్టడానికి పోవాల్సిందే.

నా చదువు ఏడో తరగతి మధ్యలో ఆగింది. లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరు భరించలేక విడిపోయాం. ఆయన సుఖంగానే ఉన్నారని విన్నాను. నేను మా మావయ్య దగ్గర స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను.

మిషన్ సంగతి తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు చెబుతాను. పైన సూది, కింద బాబిన్. బాబిన్ అంటే కింది దారం చుట్టుకునే చిన్న ఇనుప చక్రం. పై దారం వచ్చి కింది దారాన్ని మెలివేస్తేనే కుట్టు పడుతుంది. బట్ట జరగకుండా నొక్కిపట్టేది ప్రెషర్ ఫుట్. కుడిచేతి వైపు ఉండే చక్రం హ్యాండ్ వీల్. దాన్ని మన వైపుకే తిప్పాలి, వెనక్కి తిప్పితే దారం తెగుతుంది. ఇంతే విద్య. మిగతాదంతా ఆయిలే.

వడ్డాదిలో సంత జరిగే వీధి చివర ఒక దర్జీ షాపు ఉంది. ఇద్దరు తోడికోడళ్ళు నడిపేవారు. పెద్దామె పైడమ్మ. భర్త చిన్న వయసులోనే పోతే మరిది ఇంట్లోనే ఉండిపోయింది. రెండో ఆమె మంగ, ఆ మరిది భార్య. మిషన్ ఒక్కటే. పైడమ్మ కుట్టేది. మంగ కత్తిరించడం, కాజాలు, హెమ్మింగ్ చూసేది. పెద్దామె మధ్యాహ్నం కునుకు తీస్తే మంగ మిషనెక్కేది, బాగానే కుట్టేది. నిద్ర లేచాక పైడమ్మ ఆ కుట్టు చూసి, "నా మిషన్ నీ మాట బానే ఇంటన్నాదే" అని మూతి తిప్పేది.

పైడమ్మకి ఒక పాడు అలవాటు. తలకి కొబ్బరినూనె రాసుకుని, అరచేతిలో మిగిలింది మిషన్ కన్నాల్లో పోసేది. మిషన్ ఆయిల్ సీసా నేనే ఇచ్చినా దాని మూత తీసేది కాదు. కొబ్బరినూనె కొన్నాళ్ళకి జిగురులా గడ్డకట్టి లోపలి భాగాలన్నిటినీ పట్టేస్తుంది. ఇది మా వైపు ఇంటింటా ఉన్న జబ్బే.

"పైడమ్మక్కా, ఇది మిషనా, పెళ్ళికూతురి జడా?" అన్నానొకసారి.

"ఒరే రాజూ, ఏడో తరగతి దాటనోడివి, నాకు పాఠాలు సెప్తావేట్రా? నా తల సూడు, ఒక్క ఎంటిక నెరిసిందేటి? మిషన్‌కీ అంతే."

"అయితే దానికి రెండు జడలెయ్యి, బడికి పంపుదాం."

మంగ కాజా కుడుతూ నవ్వి నవ్వి వేలికి సూది గుచ్చుకుంది. ఆ షాపుకి వెళ్ళానంటే రిపేరు ఎంతసేపో కబుర్లు అంతసేపు. నేను వేళాకోళం ఆడితే తిప్పికొట్టే మనిషి ఈ చుట్టుపక్కల పైడమ్మ ఒక్కతే.

పని దగ్గర మాత్రం ఆవిడకి వాయిదా అన్న మాట తెలియదు. చెప్పిన రోజుకి జాకెట్టు ఇచ్చేయాల్సిందే. దర్జీల్లో అలాంటి మనుషులు అరుదు, ఆ విషయం నాకంటే బాగా మీకే తెలుసు. వాయిదా వేసుకున్నది ఒక్క తన ఒంటినే. కడుపులో నొప్పి అని మంగతో అంటూనే ఉండేదట. ఆస్పత్రికి పోదాం అంటే, "ఈ పెళ్ళి జాకెట్లు అవనియ్యే" అనేది. అవి అయ్యాక ఇంకెవరివో పరికిణీలు. ఆ చలికాలం చివర్లో నిలబడలేక వైజాగ్ పెద్దాస్పత్రికి తీసుకెళ్తే, డాక్టర్లు ఇంత ఆలస్యంగానా అన్నారు. ఆవిడ తిరిగి రాలేదు.

అదయ్యాక ఆ జూన్ నెలాఖరున మంగ భర్త అప్పలనాయుడు ఫోన్ చేశాడు.

"రాజన్నా, మిషన్ పట్టేసినాది. సెక్రం కదలట్లేదు. ఊళ్ళో పిల్లల గుడ్డలన్నీ మా కాడే ఉన్నాయి. నువ్వు రాకపోతే ఒక్కోళ్ళూ ఎనక్కి అట్టుకెల్లిపోతన్నారు."

"మంగ ఫోన్ చెయ్యలేదేం?"

"అదా? అది రేపంటాది. రోజూ రేపే. షాపు మూసేసి గుడ్డలు కుట్టే కంపెనీలో పనికి కంపెనీ బస్సెక్కమంటే ఎక్కదు, మిషన్ ఎక్కమంటే ఎక్కదు. నీ మాటైతే ఇంటాదేమోనని."

ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. బద్ధకం పట్టిన మనిషి షాపు ఎలా ఉంటుందో నాకు తెలుసు, రోజుకొకటి చూస్తాను. ఇది అలా లేదు. అద్దంలా ఉంది. గోడలకి కొత్తగా సున్నం వేశారు. దారం రీళ్ళు రంగుల వారీగా పేర్చి ఉన్నాయి. కత్తెరలు సాన పట్టించింది. పారేసే పేలికల్ని కూడా మడతలు పెట్టింది. యూనిఫారాలన్నీ కత్తిరించి, ఒక్కో పిల్లాడి కొలత ముక్కలు ఒక్కో కట్టగా కట్టి పెట్టింది. మిషన్ మీద మాత్రం పాత చీర కప్పి ఉంది.

"మంగా, ఇన్ని పనులు చేసి ఆ ఒక్కటీ వదిలేశావేటి? ఇంకొన్నాళ్ళు పోతే పిల్లలు పెరిగిపోయి ఈ నిక్కర్లు రుమాళ్ళకి పనికొస్తాయి."

ఆమె నవ్వలేదు. "టీ తెప్పిస్తాను అన్నియ్యా. మిషన్ రేపు సూద్దువు."

"రేపు చీడికాడ."

"అయితే ఎల్లుండి."

నేను సరదాకే అనుకుని చీర లాగేశాను.

సూది కిందికి దిగి ఆగి ఉంది. ప్రెషర్ ఫుట్ కింద ఆకుపచ్చ జాకెట్టు చెయ్యి. కుట్టు సగం దాకా వచ్చి అక్కడే నిలిచిపోయింది. మిగతా జాకెట్టంతా మిషన్ బల్ల మీద పరిచి, దుమ్ము పడకుండా పైన ప్లాస్టిక్ కవరు వేసి ఉంది.

పట్టేసిన మిషన్‌కి మేం ముందు చేసే పని బట్ట తీసేయడం. తర్వాత మిషన్ తలని వెనక్కి వాల్చి కిరసనాయిల్‌తో కడుగుతాం. అలవాటుగా నా చెయ్యి ప్రెషర్ ఫుట్ ఎత్తే పుల్ల మీదికి పోయింది.

"తియ్యకు!"

అంత గొంతు మంగకి ఉందని నాకు తెలియదు. నా చెయ్యి అక్కడే ఆగింది.

ఆమె వచ్చి స్టూలు మీద కూర్చుంది. మిషన్ ముందున్నది కాదు, కాజాలు కుట్టే తన స్టూలు మీద.

"అది నాదే అన్నియ్యా. నాను కాపరానికొచ్చిన కాడ్నుంచి అడుగుతన్నాను, అక్కా నాకో జాకెట్టు కుట్టవే అని. ఇంట్లోదానివి, నీకేటి తొందరనేది. ఊరందరివీ కుట్టేది, నాను సంతలో కొనుక్కునేదాన్ని. ఆస్పత్రికి ఎల్లాల్సిన పొద్దున లేసి, ఇది మొదలెట్టినాది. నొప్పికి మెలికలు తిరుగుతా కుట్టినాది. ఆటో వచ్చేసినాది. మిషన్ మీంచి తియ్యకే, నానొచ్చి ఒక్క నిమిసంలో లాగించేత్తానని సెప్పి ఎక్కినాది."

దర్జీ ఇంట్లో వాళ్ళ బట్టలు అన్నిటికన్నా ఆఖర్న కుడతారు. ఇది ప్రతి దర్జీ ఇంట్లోనూ ఉన్నదే. ఎప్పుడూ అది విని నవ్వేవాణ్ణి.

"తీసేస్తే అక్క మరి రాదని ఒప్పుకున్నట్టే గదా," అంది మంగ.

ఇంతలో గుమ్మంలో ఒకామె వచ్చి నిలబడింది, చంకలో చంటిపిల్ల.

"ఏటనుకోకే మంగా. బడి తెరిసేత్తన్నారు. మా గుంటడు సిరిగిన నిక్కరుతో ఎల్తే తోటోళ్ళు నవ్వుతారు. సోడవరంలో ఇచ్చుకుంటాను."

మంగ లేచి, వెతుక్కోకుండానే ఆ కట్ట తీసి ఇచ్చేసింది. "కత్తిరించీసేను వదినా. కుట్టించుకోడమే," అంది. ఆ తల్లి కట్ట పట్టుకుని వెనక్కి ఓసారి చూసి వెళ్ళిపోయింది. మిగిలిన కట్టలు గోడవారన ఉన్నాయి. అవి కూడా వెళ్ళిపోతే ఆ షాపు లేదు. మంగకి ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదు.

తియ్యమని నేను చెప్పలేను. తియ్యకుండా బాగుచేయడం మా పనిలో లేదు. కాసేపు బుర్ర గోక్కున్నాను.

"తియ్యొద్దు మంగా. కుట్టేద్దాం," అన్నాను. "నిమిషంలో లాగించేస్తానంది కదా. ఆ నిమిషం మిగిలే ఉంది."

జాకెట్టు చుట్టూ ప్లాస్టిక్ కవర్లు దోపాను. తల వాల్చకుండా పై కన్నాల్లోంచి కిరసనాయిల్ చుక్కలు వదిలాను. ఇస్త్రీ పెట్టెతో గుడ్డలు వేడిచేసి ఇమ్మంటే మంగ ఇచ్చింది. వాటిని మిషన్ మెడ చుట్టూ వేసి పట్టుకున్నాను. లోపల గడ్డకట్టింది కొబ్బరినూనే. వేడికి కరిగేసరికి షాపంతా ఆ వాసన లేచింది. మంగ వేడి గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అక్క తల వాసన," అంది. నేను మిషన్ వైపే చూస్తూ ఉన్నాను.

మామూలుగా అయితే చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపి వదులు చేస్తాం. ఇక్కడ వెనక్కి పోతే సూదిలో దారం తెగుతుంది. ఆ దారం పైడమ్మ ఎక్కించింది. అందుకని ముందుకే, వేలితో కొంచెం కొంచెం నెట్టాను. సాయంత్రం అవుతుండగా చక్రం వెంట్రుకవాసి కదిలింది. నేను చెయ్యి తీసేశాను.

"ఇక నువ్వే తిప్పు. నాది మెకానిక్ చెయ్యి. నేను కుడితే ఆ చేతిలో నీ చెయ్యి పట్టదు, కాలు పడుతుంది."

"రేపు తిప్పుతాను అన్నియ్యా."

"అలాగే, రేపే కుడుదువు. ఈ రోజు ఒక్క కుట్టు. ఒక్కటేసి లేచిపో, నేనేమీ అనను."

ఆమె వచ్చి మిషన్ ముందు స్టూలు మీద అంచున కూర్చుంది. కాలితో తొక్కే పలక మీద కాలు పెట్టలేదు. చేత్తో చక్రాన్ని తన వైపు తిప్పింది. సూది పైకి లేచింది, మళ్ళీ దిగింది. ఒక కుట్టు. లేస్తుందేమో అని చూశాను. లేవలేదు. ఇంకొకటి వేసింది. కళ్ళ నీళ్ళు బట్ట మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుని, మళ్ళీ చూసుకుని, మళ్ళీ తిప్పుకుని కుట్టింది.

చంక దగ్గరికి వచ్చేసరికి కుట్టు పడడం మానేసింది. సూది దిగుతోంది కానీ బట్టకి దారం పట్టడం లేదు. సూది కిందున్న రేకు జరిపి చూశాను. బాబిన్ ఖాళీ.

తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అక్క సుట్టింది అయిపోనాది."

  మంగే లేచి, అరలోంచి ఆకుపచ్చ రీలు తీసుకుని బాబిన్‌కి తనే దారం చుట్టింది. ఆమె కాలు పలక మీద పడింది అప్పుడే. మిషన్ ఆడింది. చెయ్యి పూర్తయింది. కత్తెరతో దారం కత్తిరించి, జాకెట్టు తీసి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నేను గుమ్మం బయటికి వెళ్ళి, నా బండి హ్యాండిల్‌కి ఏదో అంటుకున్నట్టు తుడుస్తూ నిలబడ్డాను. మళ్ళీ తిరిగి చూసేసరికి ప్రెషర్ ఫుట్ కింద ఎవరో పిల్లాడి తెల్ల చొక్కా ఉంది.

ఆ ఏడు వెళ్ళిపోయిన గిరాకీ తిరిగి రాలేదు. మిగిలిన కట్టలు మాత్రం బడి తెరిచేలోగా అందించింది. షాపు నిలబడింది. కంపెనీ బస్సు మాట అప్పలనాయుడు మళ్ళీ ఎత్తలేదు.

అదివరకు నేను పని వాయిదా వేసేవాళ్ళందరినీ బద్ధకస్తులని ఒకటే గాటన కట్టేసి ఆటపట్టించేవాణ్ణి. బద్ధకస్తులు లేరని కాదు, ఉన్నారు, వాళ్ళ వల్లే నాకు బతుకు. కానీ మనిషి అన్ని పనులూ చేస్తూ ఒక్కదాని దగ్గర ఆగిపోయాడంటే అక్కడ వేరే ఏదో ఉంటుంది. అది లాగి పారేస్తే పని ముందుకెళ్ళదు, తెగుతుంది. ఆ రోజు ఎంత చేయగలరో అంత చేయించి ఊరుకోవాలి. ఇప్పుడు ఎవరైనా "రేపు" అంటే వెక్కిరించే ముందు ఓసారి ఆగి వాళ్ళ మొహం చూస్తాను.

ఈమధ్య సర్వీసింగ్‌కి వడ్డాది వెళ్ళాను. మంగ మిషన్ ఆయిలే వాడుతోంది. అద్దం పక్కన మేకుకి ఆ ఆకుపచ్చ జాకెట్టు తగిలించి ఉంది. రెండు చేతులూ ఉన్నాయి, మెడ పట్టీ ఉంది. హుక్కులు లేవు. టీ చల్లారేలోపు కుట్టేయగల మనిషి మంగ, అయినా ఇన్నాళ్ళూ కుట్టలేదు.

నేను దాన్ని చూడడం ఆమె చూసింది.

"ఏటన్నియ్యా?"

"ఏమీ లేదు. ఆయిల్ సీసా ఇటియ్యి," అన్నాను.