హంసాబెన్ మూకుడు

ఇన్నేళ్లుగా ఒక ఇనప మూకుడు నా గుండెల మీద కూర్చుని ఉంది. నవ్వొస్తోందా? నవ్వండి, కానీ చివరిదాకా వినండి. ఈ మాట మా వారికి కూడా తెలియదు.

రెండువేల నాలుగైదు ప్రాంతం. మా వారి బ్యాంకు ఉద్యోగం మీద సూరత్‌లో ఉన్నాం. మాంసం వండబోమని మాట ఇస్తేనే ఆ అపార్ట్‌మెంట్లో ఇల్లు ఇచ్చారు. మాట ఇచ్చేశాం. ఎదురింటి హంసాబెన్ అయితే ఉల్లిపాయ కూడా తినని మనిషి. జంతికలు వేసుకుంటానంటే, వాళ్లమ్మ వాడిన మూకుడు తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆ ఆదివారం మా వారు ఊరవతల నుంచి పంది మాంసం తెచ్చారు, కవరు మీద కవరు చుట్టి. డాక్టరేమో నూనె, కొవ్వు తగ్గించమన్నాడు. ఈయన నాలుకేమో పుల్లగా తియ్యగా ఉండే చైనా కూర కావాలంది. సరే, ఒంటికి పడేలాగే చేద్దామనుకున్నాను. ముక్కలు ఉడకబెట్టి, చల్లారాక పైన గడ్డకట్టిన కొవ్వంతా తీసేశాను. సాసు సీసా బదులు బెల్లం, నిమ్మరసం, అనాసపండు ముక్కలు. అన్నీ సిద్ధం. తీరా చూస్తే నా పెనం పూత లేచిపోయి ఉంది. పక్కనే హంసాబెన్ మూకుడు, కడిగి బోర్లించి. అందులో అయితే చెంచాడు నూనె చాలు.

తెలియక చేశానా? వాసన బయటికి పోకుండా కిటికీలన్నీ మూసేంత తెలివి ఉన్నదాన్ని, ఆ మూకుడు ఎవరిదో, ఆవిడ దాంట్లో ఏం వండుకుంటుందో గుర్తు రాలేదని ఏ మొహంతో చెప్పను? కూర మాత్రం అద్భుతంగా కుదిరింది. అదీ ఒప్పుకోవాలిగా.

చింతపండు, ఉప్పు వేసి చేతులు మండేదాకా తోమి తిరిగిచ్చాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది.

"అరే బెన్, కిత్‌నా చమకాయా! నా చేతిలో ఎప్పుడూ ఇంత మెరవలేదు."

"మీ అమ్మగారిది కదా," అన్నాను, తేలు కుట్టిన దొంగలా.

సాయంత్రం అందులోనే గోధుమపిండి, బెల్లంతో సుఖడీ చేసింది. దేవుడికి నైవేద్యం పెట్టి, తర్వాతి ముక్క నాకు పెట్టింది. తిన్నాను.

చెప్పేయొచ్చుగా అంటారు. చెబితే అమ్మ మూకుడు పారేసుకోవాలి, పాపం ఆవిడ బాధపడుతుంది అని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఉత్త మాట. ఇల్లు పోతుందని భయం. అంతకన్నా, తలుపు తీయగానే నన్ను చూసి నవ్వే ఆ నవ్వు పోతుందని భయం.

బదిలీ అయి వచ్చేస్తుంటే ఆ మూకుడు ఆవిడే నా సామాన్లో పెట్టింది, ఇంత బాగా చూసుకునేవాళ్లు దొరకరని.

ఇప్పటికీ ఆదివారం కూర అందులోనే. ఇవాళా వండాను. మా వారు మారు వడ్డించుకున్నారు. ఇద్దరం సుఖంగానే ఉన్నాం, దాచడమెందుకు? కాకపోతే తోమేటప్పుడల్లా చేతులు మండేదాకా తోముతాను.

ఇవాళ ముందు మీకిది రాశాను. తర్వాత వెళ్లి, చేతులు మండకుండా మామూలుగా తోమి బోర్లించాను.