సిస్టర్ మెటిల్డా పిడికిట్లో మిగిలిన ఓటు

మొన్న మంగళవారం ఉదయం సిస్టర్ మెటిల్డా ప్రభువునందు నిద్రించారు. కబురు వినగానే నాకు చేతనైన పనే చేశాను, పోయినవి లెక్కపెట్టాను. మా ముదలియార్‌పేట బడిని పదహారేళ్లు నడిపిన ప్రధానోపాధ్యాయిని ఒకరు. గేటు దగ్గర ప్రతి పిల్లనూ పేరుపెట్టి పిలిచే గొంతు ఒకటి. ఎవరి మాటైనా చివరిదాకా వినే చెవులు రెండు. గంట కొట్టే నన్ను “ఏంది రంగయ్యా, బాగుండావా” అని తెలుగులో అడిగే మనిషి, అందరూ తమిళమే మాట్లాడే బడి మొత్తానికి ఒక్కరే. కూడితే చిన్న అంకె. పూడ్చేవారు లేరు.

ఆమె రాకముందు విద్యార్థి నాయకురాలిని యాజమాన్యమే ప్రకటించేది. ఎల్‌కేజీ పాప నుంచి తనదాకా తలకొక ఓటు అన్నారు సిస్టర్. చదవలేని పసివాళ్ల కోసం తెర వెనక పోటీచేసే ఇద్దరికీ రెండు కుండలు పెట్టించారు, ఒకదాని మీద చేప బొమ్మ, ఇంకోదాని మీద పడవ. రిజిస్టరులో గీత పెట్టినవారికి ఒక గింజ, అదే ఓటు. ముందు వేరుశనగ గింజలనుకున్నాం. ముందురోజు అలవాటు చేయిస్తుంటే ఒకటో తరగతి మొత్తం తమ ఓట్లు తినేసింది. చింతగింజలకు మారాం.

లెక్కింపు నాకిచ్చారు. ఐదుతో చదువాపి, పాత పుస్తకాలు ముందేసుకుని లెక్కలు నేర్చినవాణ్ణి. టీచర్లు గొణిగితే, “రంగయ్య గంట ఎప్పుడన్నా ఒక నిమిషం తప్పిందా?” అన్నారామె.

నాలుగింటికి గంట మోగితే ఓటు ముగిసినట్టే. ఆ నియమమూ ఆమెదే. ఆ రోజు తన గింజ తీసుకుని, కుండ అందని చిన్నపిల్లలను ఒక్కొక్కరినే ఎత్తిపట్టుకున్నారు, ఎవరికి వేస్తున్నారో చూడకుండా కళ్లు మూసుకుని. చివరి పాప కిందికి దిగేసరికి నాలుగయింది. సిస్టర్ కుండకు నాలుగడుగుల దూరంలో ఉన్నారు. చూశాను. అయినా కొట్టాను. ఆమె పిడికిలి మూశారు.

చేపకు 307, పడవకు 306. గీతలు 614, గింజలు 613. చేప గుర్తు జెసింతది, మా బడి ఊడ్చే సెల్వి కూతురు. పడవ యాజమాన్యం మెచ్చిన పిల్లది. లెక్క కుదరలేదు, ఎన్నిక రద్దు అన్నారు యాజమాన్యం తరఫున బడి చూసే కరస్పాండెంట్ ఫాదర్. సెల్వి చీపురుతో గుమ్మంలోనే నిలబడిపోయింది.

సిస్టర్ పిడికిలి తెరిచారు. “లెక్క సరిగ్గానే ఉంది ఫాదర్. ఇది నాది.”

అయితే ఇప్పుడు వెయ్యండని ఆయన పడవ కుండ చూపించారు. వేస్తే సమానం. సమానమైతే నిర్ణయం ఆయనది.

“ఫలితం తెలిసినాక వేసేది ఓటు కాదు. గంట నాకూ కొట్టినారు.”

ఫాదర్ రద్దు మాట వెనక్కి తీసుకున్నారు. సోమవారం జెండా తాడు నాయకురాలిగా జెసింత చేతికి ఆయనే అందించారు. మరుసటి ఏడు ఓటుకు యూకేజీ పిల్లల వెనక వరుసలో నిలబడ్డారు. జెసింత ఇప్పుడు మా బడిలోనే సాంఘికశాస్త్రం చెబుతోంది. నిన్న సమాధి దగ్గర ఫాదర్, సెల్వి, పిల్లలు, అందరం వచ్చిన వరుసలోనే కదిలి తలకొక గుప్పెడు మట్టి వేశాం. ఎవరూ ఎవరినీ దాటలేదు. ఆ తల్లి గెలిచిన గెలుపు అది.

ఒక్క నిమిషం ఆగాల్సింది కదా అని ఆ ఎన్నిక సాయంత్రం ఆమె ముందు నొచ్చుకున్నాను. “ఆగేవాడివైతే నీకు లెక్కింపు ఇస్తానా రంగయ్యా” అని నవ్వారు.

ఆ రిజిస్టరు నా దగ్గరే ఉంది. గీతలు 614, గింజలు 613. సిస్టర్ మెటిల్డాకు నేను బాకీ, ఒక ఓటు.